అరవై నాలుగు సెంటీమీటర్ల అసూయ

ఆ శనివారం సింగపూర్‌లో శశికాంత్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి కాఫీ తాగాలి, తొమ్మిదింటికి ట్రైన్ ఎక్కి టెక్కా మార్కెట్‌కు వెళ్ళి గోంగూర, ములక్కాడలు కొనాలి, పన్నెండులోగా బుకిట్ బటోక్‌లోని ఫ్లాటుకు తిరిగొచ్చి పప్పన్నం తిని పడుకోవాలి. కాఫీ సగం తాగేసరికి ఫోను టింగుమంది. బ్లాకులోని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ముఖ్తార్ ఒక ఫొటో పెట్టాడు.

ముఖ్తార్‌ది తొమ్మిదో అంతస్తు, శశికాంత్‌ది ఆరో అంతస్తు. ఇద్దరూ బ్యాంకుల్లో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళే, ఇద్దరికీ యాభై దాటాయి. పదకొండేళ్ళుగా శశికాంత్ అతనితో హోరాహోరీగా పోటీ పడుతున్నాడు. ముఖ్తార్ సైకిల్ కొంటే శశికాంత్ గేర్లున్న సైకిల్ కొన్నాడు. ముఖ్తార్ కారిడార్‌లో ఒక కుండీలో కరివేపాకు పెంచితే శశికాంత్ రెండు కుండీల్లో పెంచాడు. ఈ పోటీ సంగతి ముఖ్తార్‌కు ఇంకా తెలియదు.

ఫొటోలో కొండల నడుమ ఒక నది ఉంది. తొడలదాకా పచ్చటి నీళ్ళలో నిలబడి ముఖ్తార్ రెండు చేతులతో ఒక బంగారు రంగు చేపను పట్టుకున్నాడు. దాని ఒంటినిండా నల్ల చుక్కలు, నడుమ నడుమ కుంకుమ అద్దినట్టు ఎర్ర చుక్కలు. కింద, "పోయిన వారం స్లొవేనియాలో ఫ్లై ఫిషింగ్. బ్రౌన్ ట్రౌట్. యాభై రెండు సెంటీమీటర్లు. ఫొటో తీసి నీళ్ళలో వదిలేశాను" అని రాశాడు.

"అబ్బ, ఎంత బాగుందో!" అంది హైమావతి, భర్త భుజం మీదుగా తొంగిచూస్తూ.

"చేపా?"

"చేపా బాగుంది, ముఖ్తార్ గారూ బాగున్నారు. సన్నబడ్డారు కదూ?"

శశికాంత్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. "తిననప్పుడు పట్టడం ఎందుకట?"

"అదే కదండీ గొప్ప! మనలాంటి శాకాహారులు కూడా పట్టొచ్చు" అని ఆవిడ తన ఫోన్లోంచి ఆ ఫొటో కింద మూడు హృదయాలు పెట్టింది.

ఆ మూడు హృదయాలూ శశికాంత్ గుండెలో దిగబడ్డాయి. అతను వెంటనే గ్రూపులో, "బాగుంది ముఖ్తార్. మొదటిసారికి పర్వాలేదు" అని కొట్టాడు. నిమిషంలో తెలుగు సంఘం కార్యదర్శి పరంధామయ్య అంకుల్ అడిగారు: "నువ్వు కూడా పడతావా శశికాంత్?"

"యూరప్‌లో నాలుగైదు పెద్ద నదులు చూశాను అంకుల్. చెప్పుకునే అలవాటు లేదు."

ఇందులో అబద్ధం లేదు. ఏడేళ్ళ కిందట టూరు బస్సు కిటికీలోంచి అతను ఐదు నదులు చూశాడు. రెండింటిని నిద్రమత్తులో చూశాడు.

పదహారేళ్ళ కూతురు ఉజ్వల తన గదిలోంచి ఫోను పట్టుకునే బయటికొచ్చింది. "డాడీ, వై యూ సే లైక్ దట్? ఇప్పుడు హౌ లా?" అంది సింగపూర్ యాసలో.

"ఏమవుతుందే? ఎవరు అడుగుతారు?"

కాలింగ్ బెల్ మోగింది. ముఖ్తార్. చేతిలో ఒక చిన్న డబ్బా, ముఖం నిండా సంతోషం.

"ఏంది భాయ్ ఇది! పదకొండేండ్ల సంది ఒకటే బ్లాకుల ఉంటున్నం, ఒక్క మాట చెప్పకపోతివి! ఈ పిచ్చి నాకొక్కడికే ఉందనుకున్న. చెప్పు, ఏ ఫ్లై వాడతవ్?" అంటూ డబ్బా తెరిచాడు. అందులో వరసలుగా చిన్న చిన్న పురుగులు. ట్రౌట్‌ను మోసగించడానికి ఈకలతో, దారంతో గాలానికి కట్టిన దొంగ ఈగలవి. శశికాంత్‌కు ఆ సంగతి తెలియదు. అతను చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను చచ్చినవాటిని ముట్టుకోను."

ముఖ్తార్ ఒకడుగు దగ్గరికి జరిగాడు. "అంటే... బతికున్న ఈగతోనే పడతవా? నీళ్ళ మీద అట్లనే వాలనిస్తవా?"

"అదే అలవాటు" అన్నాడు శశికాంత్, ఇంకేమనాలో తెలియక.

"యా అల్లా! మా గైడు చెప్పిండు, ముసలోళ్ళు ఎవరో ఇద్దరు ముగ్గురికే వస్తదంట ఆ విద్య." ముఖ్తార్ డబ్బా మూసేశాడు, ఏదో చూపించకూడనిది చూపించినట్టు. "ఉస్తాద్, నాకు నేర్పాలె నువ్వు."

సాయంత్రానికి ఆ మాట బ్లాకంతా పాకింది. వచ్చే ఆదివారం సంఘం పిక్నిక్‌లో, బ్లాకు వెనక ఉన్న మైదానంలో, శశికాంత్ గాలం విసరడం ప్రదర్శిస్తాడని పరంధామయ్య అంకుల్ ప్రకటించేశారు.

వారం రోజులు ఆ ఇంట్లో నరకం. ఆన్‌లైన్‌లో తెప్పించిన తొమ్మిది అడుగుల ఫిషింగ్ రాడ్ హాల్లో పట్టలేదు. వీడియోలు చూసి ఉజ్వల చెబుతుంటే శశికాంత్ విసిరేవాడు. మొదటి రోజు రాడ్ కొస ఫ్యాను రెక్కల్లో పడింది. మూడో రోజు గాలం కర్టెన్‌కు తగులుకుంటే కర్టెన్ రాడ్‌తో సహా ఊడొచ్చింది. "డాడీ, దిస్ వన్ కెనాట్ లా. అంకుల్‌కి నిజం చెప్పెయ్" అంది ఉజ్వల. శశికాంత్ నిజం చెబుదామనే అనుకున్నాడు. కానీ ముఖ్తార్ లిఫ్టులో కనిపించినప్పుడల్లా "ఉస్తాద్" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంటున్నాడు. పదకొండేళ్ళలో ముఖ్తార్ కన్నా ఒక మెట్టు పైన నిలబడటం అతనికదే మొదటిసారి. దిగబుద్ధి కాలేదు.

ఆదివారం మైదానంలో నలభై మంది గుండ్రంగా నిలబడ్డారు. గడ్డి మీద విసిరేటప్పుడు గాలం తీసేసి ఊలు ముక్క కట్టుకోవాలని తెలిసినవాళ్ళకు తెలుసు. శశికాంత్ నిజం గాలమే కట్టుకొచ్చాడు. కళ్ళు మూసుకుని, దేవుణ్ణి తలచుకుని, రాడ్‌ను వెనక్కి ఊపి ముందుకు విసిరాడు.

దారం వెనక్కి పాములా వెళ్ళింది. అతని వెనకాల నిలబడ్డ పరంధామయ్య అంకుల్ అప్పుడే పేపరు ప్లేటులోంచి మిరపకాయ బజ్జీ తీసి నోటిదాకా తెచ్చుకున్నారు. గాలం ఆ బజ్జీని వేళ్ళ మధ్య నుంచి ఎగరేసుకుపోయింది. బజ్జీ నలభై మంది చూస్తుండగా గాల్లో ఒక వంపు తిరిగి, ఎదురుగా గడ్డిలో మెత్తగా వాలింది. రెండు గోరింకలు పరిగెత్తుకొచ్చి దాన్ని పొడవడం మొదలుపెట్టాయి.

"వెనక్కి చూడను కూడా చూడలే!" అని అరిచాడు ముఖ్తార్. చప్పట్లు మోగిపోయాయి. పరంధామయ్య అంకుల్ తన వేళ్ళను అటూ ఇటూ తిప్పి చూసుకుని, "గీత కూడా పడలేదయ్యా!" అన్నారు. ముఖ్తార్ భార్య షకీలా అదంతా వీడియో తీసింది. శశికాంత్ కళ్ళు తెరిచి, ఏం జరిగిందో అర్థం కాక, వినయంగా తల వంచాడు. ఆ వినయం చూసి జనం ఇంకా గట్టిగా కొట్టారు.

ఆ రాత్రి అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. ఇది ఇంకా ముదరకముందే నిజం చెప్పేయాలి. మర్నాడు ఆఫీసు నుంచి రాగానే తొమ్మిదో అంతస్తుకు వెళ్ళి బెల్ కొట్టాడు.

"సరిగ్గా టైముకొచ్చినవ్ ఉస్తాద్!" అన్నాడు ముఖ్తార్ తలుపు తీస్తూనే. "జూన్‌ల మన రెండు ఫ్యామిలీలకు స్లొవేనియా బుక్ అయిపోయింది. పోయినసారి పోయిన నది కాదు. తెలిసిన నది అయితే నీకు మజా ఏముంటది? నువ్వూ చూడంది, నేనూ చూడంది వెతికిన. పెద్ద పెద్ద ట్రౌట్‌లు ఉంటయంట, కానీ అంత సులభంగ పడవంట. భాభీ కూడా ఓకే అన్నరు."

శశికాంత్ మెట్ల మీదుగా కిందికి పరిగెత్తాడు. "నన్ను అడగకుండా ఎలా ఒప్పుకున్నావు?"

"ఏడేళ్ళ కిందట యూరప్ అంతా బస్సులోంచే చూపించారు" అంది హైమావతి. "ఈసారైనా బస్సు దిగి చూద్దాం."

జూన్ మొదటి వారంలో, ఉజ్వలను స్కూల్ క్యాంపుకు పంపించి, నలుగురూ ఆ నది ఒడ్డున దిగారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. అటు ఒడ్డున ఒక విల్లో చెట్టు నీళ్ళ మీదికి వంగి ఉంది. గైడు యానెజ్ అరవై ఏళ్ళ మనిషి, మాటకు మాటకు మధ్య చాలా ఖాళీ వదిలేవాడు. "కొత్త నది. ముందు కూర్చోండి. అరగంట. ఊరికే చూడండి" అన్నాడు ఇంగ్లీషులో.

కూర్చుంటే ముఖ్తార్ తనకన్నా ముందు పట్టేస్తాడని శశికాంత్ భయం. రొమ్ముదాకా వచ్చే రబ్బరు ప్యాంటుతో ఏనుగులా నీళ్ళలోకి దిగాడు. ఉస్తాదే కూర్చోనప్పుడు తనెందుకు కూర్చోవాలని ముఖ్తార్ కూడా దిగాడు. శశికాంత్ విసిరిన గాలం వెళ్ళి చెట్టుకొమ్మకు తగులుకుంది.

"సమజైంది భాయ్" అన్నాడు ముఖ్తార్ రహస్యంగా. "పురుగులు చెట్టు మీదకెల్లే కదా పడేది!" అని తన గాలాన్ని కూడా గురిచూసి అదే కొమ్మకు విసిరాడు.

మూడు గంటల్లో ఆ ఇద్దరూ కొమ్మలు పట్టారు, నాచు పట్టారు, ఒకరి టోపీ ఒకరు పట్టారు. చేపలు మాత్రం అక్కడ లేనట్టే ఉన్నాయి. యానెజ్ తలపట్టుకుని ఒడ్డునే కూర్చున్నాడు. పక్కనే దుప్పటి పరచుకుని హైమావతి, షకీలా పులిహోర తింటున్నారు. షకీలా కాసేపటికి నిద్రపోయింది. హైమావతికి చేసే పనేమీ లేదు. ఊరికే నీళ్ళను చూస్తూ కూర్చుంది.

"ఏవండీ! మన ఒడ్డునే, ఆ వేరు కింద ఏదో ఉంది. మాటిమాటికీ అక్కడే ముక్కు బయట పెడుతోంది."

"నువ్వు మాట్లాడకు. చేపలు బెదురుతాయి" అన్నాడు శశికాంత్, మెడకు చుట్టుకున్న దారం విప్పుకుంటూ.

యానెజ్ మాత్రం లేచొచ్చి ఆవిడ చూపించిన వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తన రాడ్ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, మోకాళ్ళ మీద కూర్చోమని సైగ చేశాడు. విసరడానికి ఏమీ లేదు. రెండు బారల దారం. ముగ్గు చుక్క పెట్టినంత మెల్లగా హైమావతి ఆ దొంగ ఈగను నీళ్ళ మీద పెట్టింది. అది రెండడుగులు కొట్టుకుపోయింది. వేరు కింద నుంచి ఒక పెద్ద నోరు పైకి వచ్చి, తొందరేమీ లేకుండా దాన్ని మింగింది.

తర్వాత లోయంతా ఆవిడ గొంతే వినిపించింది. "అమ్మో! ఏవండీ! లాక్కుపోతోంది! వదిలేయనా?"

"వదలొద్దు! కాదు, వదులు! ఉండు, నేనొస్తున్నా!" అని శశికాంత్ పరిగెత్తబోయి, నున్నటి రాయి మీద జారి నీళ్ళలో కూలబడ్డాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. చేప లాగినప్పుడల్లా యానెజ్ "పోనీ, పోనీ" అన్నట్టు చెయ్యి ఊపాడు. హైమావతి పోనిచ్చింది, మళ్ళీ చుట్టింది. పావుగంటకు చేప వలలోకి వచ్చింది.

అరవై నాలుగు సెంటీమీటర్లు. యానెజ్ రెండుసార్లు కొలిచాడు. ఆ రోజంతా నవ్వని మనిషి నవ్వాడు. ఆ గోలకు నిద్రలేచిన షకీలా తీసిన ఫొటోలో హైమావతి చీర కుచ్చిళ్ళు తడిసి, జుట్టు చెదిరి, చిన్నపిల్లలా వెలిగిపోతోంది. వెనకాల మెడదాకా నీళ్ళలో కూర్చున్న ఒక మనిషి కనిపిస్తాడు. ఆవిడ చేపను నీళ్ళలో నిలబెట్టి పట్టుకుని, దానికి ఊపిరి కుదుటపడేదాకా ఆగి, "వెళ్ళు తల్లీ" అని వదిలింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి.

మగవాళ్ళిద్దరూ ఒడ్డున కూర్చుని ప్యాంట్లలోంచి నీళ్ళు వంపుకుంటున్నారు.

"భాయ్, ఒక మాట చెప్పనా?" అన్నాడు ముఖ్తార్. "నువ్వు ఆ బజ్జీ ఎగరేసిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. కుళ్ళు. మస్తు కుళ్ళు. షకీలా దినాం ఆ వీడియో పెట్టి, శశి భాయ్‌ని చూసి నేర్చుకో అంటది. నిన్ను ఈ కొత్త నదికి ఎందుకు తెచ్చిన్నో తెలుసా? ఒక్కసారన్నా నువ్వు ఓడిపోతే చూద్దామని."

పదకొండేళ్ళుగా శశికాంత్ వినాలని తపించిన మాట అది. విన్నాక మాత్రం అనుకున్నంత తియ్యగా లేదు.

"ఆ బజ్జీ పొరపాటున తగిలింది ముఖ్తార్. అప్పుడు కళ్ళు మూసుకున్నా. నేను జన్మలో చేప పట్టలేదు. ఆ నదులు కూడా బస్సులోంచి చూసినవే."

ముఖ్తార్ నీళ్ళు వంపడం ఆపేశాడు. "మరి బతికున్న ఈగలు?"

"నీ డబ్బాలోవి చచ్చిన ఈగలనుకున్నా."

ముఖ్తార్ ముందు కోపంగా లేచాడు, ఆ తర్వాత పొట్ట పట్టుకుని కూలబడి నవ్వాడు. శశికాంత్ కూడా నవ్వాడు. ఇద్దరూ అలా నవ్వుతూ ఉండగానే అవతల మళ్ళీ "అమ్మో!" అని వినిపించింది. హైమావతికి రెండోది పడింది. ఇద్దరి నవ్వూ ఒకేసారి ఆగిపోయింది.

సింగపూర్ వచ్చాక పరంధామయ్య అంకుల్ హైమావతి చేత సంఘంలో ఉపన్యాసం ఇప్పించారు. శశికాంత్‌కు ప్రొజెక్టర్ పట్టుకునే పని, ముఖ్తార్‌కు కుర్చీలు వేసే పని పడ్డాయి. ఉపన్యాసం అయ్యాక హైమావతి, షకీలా వచ్చే ఏడు బోస్నియాలో ఏదో నది చూద్దామని మ్యాపు ముందేసుకుని కూర్చున్నారు. ఆ మ్యాపు దగ్గరికి తమను ఎవరూ పిలవకపోవడంతో మగవాళ్ళిద్దరూ కింద టిఫిన్ కొట్లుండే హాకర్ సెంటర్‌లో, టిష్యూ ప్యాకెట్టు పెట్టి టేబుల్ చోప్ చేసుకుని టీ తాగారు. పదకొండేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి కూర్చుని టీ తాగడం అదే మొదలు. ఇప్పుడు ప్రతి ఆదివారం తాగుతున్నారు.

ట్రౌట్ పట్టడంలో తొంభై శాతం అదృష్టమేనని ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చారు, హైమావతి విషయంలో మాత్రం నూటికి నూరు.