ఇల్లు సార్

దగ్గరికి జరగండి, కబుర్లు ఆపండి. అక్కా, ఆ ఫోను కూడా. లోకంలో కట్టడాలన్నీ మట్టి మీద లేచాయి. చెన్నైలో ఒక మెట్రో స్టేషను మాత్రం ఒక్క మాట మీద నిలబడింది. (స్టేషను పేరు చెప్పాలంటే వేరే ఫారం నింపాలి.)

రాయపురంలో ఇస్త్రీ బండి నడిపే కుప్పుసామి ఇల్లు సరిగ్గా ఆ స్టేషను ఉన్నచోటే ఉండేది. పునాదుల కోసం పడగొట్టారు. ఇల్లు పోయినవాళ్లు గేటు పక్కన బండి పెట్టుకోవచ్చని రూలు వచ్చింది. దానికి స్థలచరిత్ర అధికారి కన్నియప్పన్ సంతకం కావాలి.

కన్నియప్పన్ ఫారం తీసి తమిళంలో ఏడో ప్రశ్న అడిగాడు: స్టేషను రాకముందు ఇక్కడ ఏముండేది? వీధిలో పొద్దంతా తమిళమే మాట్లాడే కుప్పుసామికి, ఇంటి ఊసు రాగానే ఇంటి భాష తెలుగు వచ్చేసింది.

"ఇల్లు సార్."

అధికారి చెవికి అది "ఇల్ల సార్" అని వినబడింది. తమిళంలో ఇల్ల అంటే లేదు. నిజాయితీపరుడు, విన్నది విన్నట్టే రాశాడు. వారం తిరక్కుండా స్టేషను లోపల గ్రానైటు ఫలకం లేచింది: "ఈ స్థలంలో పూర్వం ఏమీ లేదు." బండికి సంతకమూ లేదు.

కుప్పుసామి ఆఫీసుకు పరుగెత్తాడు. ఫలకం దిద్దాలంటే గ్రానైటు సవరణ సంఘం కూర్చోవాలట. సంఘం కూర్చునే కుర్చీలు ఇంకా టెండరులో ఉన్నాయట. రేషన్ కార్డు చూపిస్తే, ఏమీ లేని చోటికి కార్డెలా పుట్టిందని దాన్నీ ఉంచేసుకున్నారు. (రసీదు అడిగితే, ఏమీ తీసుకోలేదన్నారు.)

ఈలోగా, స్టేషను మరీ బోసిగా ఉందని టికెట్ల హాల్లో పాతకాలపు ఇల్లొకటి కట్టారు. పడగొట్టేముందు తీసిన ఫోటో ఒకటి ఫైల్లో దొరికిందట. ఎర్ర పెంకులు, నీలం తలుపు, ముందు అరుగు. అరుగు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన నల్లమచ్చ కూడా దించారు. పక్కన బోర్డు: కూర్చోరాదు.

కుప్పుసామి ఆ మచ్చను వేలితో తడిమాడు. సెక్యూరిటీ జెబరాజ్ వచ్చాడు.

"ఆడ ముట్టుకోబాక పెద్దాయనా. పురాతనం."

"ఇది మా ఇల్లు అబ్బయా. ఆ మచ్చ నా పెట్టెదే."

జెబరాజ్ ఫలకం వైపు చూశాడు. "ఏమీ లేదని ఈడ రాసుండాదే. రాతికంటే నీకు బాగా తెలుసా?"

కుప్పుసామి కదల్లేదు. గుంటూరు నుంచి ఐటీ ఉద్యోగానికొచ్చిన నితిన్, అంతసేపూ ఫోను ఎత్తి పట్టుకుని నిలబడ్డవాడు, చాలా మర్యాదగా అన్నాడు:

"తాతగారూ, కొంచెం పక్కకి జరుగుతారా? హిస్టరీ కనపడట్లేదు."