మా ఆవిడకు నేను వేసిన గేలం

మా ఆవిడ కాత్యాయనికి మూడు పూటలా టాబ్లెట్ ఉండాల్సిందే. మింగేది కాదు లెండి, వేలితో తోసేది. ఆవిడ మగ్గం వర్కు బ్లౌజులు కుడుతుంది. పెళ్ళికూతుళ్ళు డిజైన్లు మెయిల్‌కు తగిలించి పంపుతారు, ఈవిడ టక్కున తెరుస్తుంది. ఆవిడ అటాచ్‌మెంటు తెరిచినప్పుడల్లా నా గుండె మూసుకుపోతుంది.

ఎందుకంటారా? ఎలక్ట్రానిక్ సిటీలో మా కంపెనీవాళ్ళకు ఒక దురలవాటు ఉంది. ఉద్యోగులను పరీక్షించడానికి వాళ్ళే దొంగ మెయిళ్ళు పంపుతారు. 'బోనస్ వివరాలు జతపరిచాం' అని వస్తే నేను ఆశగా నొక్కాను. బోనస్ రాలేదు, క్లాసు వచ్చింది. ఒక్క నొక్కుడుకి ఎంతమంది బ్యాంకు ఖాతాలు గుండు కొట్టించుకున్నాయో ఆ క్లాసులో చూపించారు. మా బ్యాంకు యాప్ ఉన్నది ఆ టాబ్లెట్‌లోనే. ఇక నాకు అన్నం సహిస్తుందా?

"ఇకనుంచి ఏ మెయిల్ వచ్చినా ముందు నాకు చూపించు" అన్నాను.

"మీరు ట్రాఫిక్ ఈదుకుంటూ వచ్చేదాకా ముహూర్తం ఆగుతుందా?"

"దొంగ మెయిల్ ఒక్కటి తెరిచావంటే టాబ్లెట్ నా చేతికొస్తుంది."

"తెరిచినప్పుడు కదండీ" అంది, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

టాబ్లెట్ పోతే ఆవిడకు పెళ్ళిళ్ళ సీజనే పోతుంది. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా భయం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. కంపెనీ నాకు వేసిన గేలమే నేను ఆవిడకు వేశాను. కరెంటాఫీసు పేరుతో కొత్త మెయిల్ అకౌంటు తెరిచి, 'బాకీ పడ్డారు, ఫ్యూజు పీకేస్తాం, బిల్లు తెరిచి చూడండి' అని రాసి, అడుగున ఓ ఉచిత సలహా కూడా చేర్చి పంపాను. బిల్లు ఉండాల్సిన చోట, చూపుడువేలు ఎత్తి నవ్వుతున్న నా ఫొటో తగిలించాను.

సాయంత్రం కాఫీ తాగుతూ, మెయిళ్ళేమైనా వచ్చాయా అని ఊరికే అడిగినట్టు అడిగాను. ఒకటి వచ్చిందని, అనుమానంగా ఉంటే తెరవకుండా సెక్రటరీగారికి పంపానని చెప్పింది. కాఫీ దారి తప్పి ముక్కులోకొచ్చింది.

మా అపార్ట్‌మెంటు సెక్రటరీ చిక్కమునియప్ప. కన్నడంలో చిక్క అంటే చిన్న. నాకు మాత్రం ఆయన పెద్ద చిక్కే తెచ్చిపెట్టాడు. ఆ మెయిల్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. గ్రూపు గగ్గోలెత్తింది. ఒకరు వైఫై ఆపేశారు. పై అంతస్తు పుల్లమ్మగారు దేనికైనా మంచిదని ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేసి, కరిగిన ఐస్‌క్రీమ్ అందరికీ పంచారు. నాకూ ఓ గిన్నెడు వచ్చింది. తింటుంటే చెమటలు పట్టాయి.

సెల్లారులో మీటింగు పెట్టారు. చిక్కమునియప్ప నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు కంప్యూటర్ల ఆఫీసులో ఉండావు కదప్పా. ఆ దొంగ యాడుండాడో నువ్వే కనిపెట్టల్ల. దొరికితే స్టేషన్‌కు నేనే ఈడ్చుకుపోతా" అన్నాడు.

అలా నన్ను పట్టుకునే కమిటీకి నేనే అధ్యక్షుణ్ణి అయ్యాను. ఎవరో ఆ బిల్లు తెరిచి చూద్దామన్నారు. తెరవద్దని చేతులెత్తి మొక్కాను. సైబర్ భద్రత గురించి నేను అంత చిత్తశుద్ధితో మాట్లాడింది ఆ ఒక్కసారే. దొంగ ఏ ఖండాంతరాల్లోనో ఉంటాడని, వదిలేయడమే మంచిదని కూడా సలహా ఇచ్చాను.

"మరీ అంత దూరం ఉండడేమో" అంటూ మా ఆవిడ టాబ్లెట్ పట్టుకుని ముందుకొచ్చింది. దొంగ మెయిల్ అడ్రసు కొట్టి, పాస్‌వర్డ్ మరిచిపోయామని నొక్కితే, ఆ అకౌంటు తెరిచినవాడి ఫోనుకే కోడ్ పోతుందని అందరికీ వివరించింది. ఇంత జ్ఞానం ఈవిడకెలా వచ్చిందా అని నేను ఆలోచించేలోపే నొక్కేసింది.

నా చొక్కా జేబులో టింగుమంది.

సెల్లారంతా నా జేబు వైపు తిరిగింది. నేనూ తిరిగాను, అదెవరి జేబో తెలియనట్టు. చిక్కమునియప్ప కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. పోలీస్ స్టేషన్‌లో బెంచీలుంటాయా, కింద కూర్చోబెడతారా అని నా బుర్ర లెక్కలేసుకుంటోంది.

అప్పుడు మా ఆవిడ నిట్టూర్చి, "అయితే దొంగ మా ఆయన ఫోన్లోనే దూరాడన్నమాట. పాపం, ఈయనకేమీ తెలీదు" అంది.

"నాకేమీ తెలీదు" అన్నాను. పెళ్ళయ్యాక ఆవిడ మాటకు అంత త్వరగా ఎప్పుడూ ఒప్పుకోలేదు.

చిక్కమునియప్ప జాలిపడ్డాడు. "అట్లయితే ఆ ఫోను నీకాడ ఉండకూడదప్పా. ఆయమ్మ చేతికియ్యి. మన బిల్డింగుకంతా ఆయమ్మకే తెలివి ఉండాది."

అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే అనుమానం వస్తుందని నేనూ కొట్టి, ఫోను అప్పగించాను.

లిఫ్టులో అడిగాను, నేనేనని ఎప్పుడు తెలిసిందని.

"మెయిల్ చదవగానే. 'సందేహాలుంటే మీ శ్రీవారిని సంప్రదించండి' అని రాసే దొంగ ఎక్కడైనా ఉంటాడా అండీ?"

అంతలో ఆవిడ చేతిలో నా ఫోను టింగుమంది. అలవాటుగా చెయ్యి చాపాను.

"ఆగండి" అంది. "దీనికేదో అటాచ్‌మెంటు ఉంది. నేను చూసి చెప్తా."