దిమ్మకొచ్చిన స్కాలర్‌షిప్పు

ఒక పెద్ద అడవిలో మట్టికి మర్యాద లేకుండా పోయింది.

నది అవతల మనుషులు కాంక్రీటు పోసుకుంటుంటే ఇవతల జంతువులు చూశాయి. చూసి ఊరుకుంటాయా? ఉడుముకి ప్రహరీగోడ కావలసివచ్చింది. కుందేలు బొరియ ముందు పోర్టికో పోయించుకుంది. పోర్టికో వచ్చాక లోపలికి దూరడానికి సందు లేక పాపం బయటే పడుకుంటోంది. అయినా వచ్చేపోయేవాళ్ళకి చూపించి మురిసిపోతోంది. వెర్రి వెయ్యి విధాలని ఊరికే అన్నారా!

ఈ పనులు చూసుకోవడానికి ఒక మండలి పుట్టింది. అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకరావు. ఒళ్ళు పెద్దది కాబట్టి పనీ గట్టిగానే ఉంటుందని అందరూ నమ్మారు. కార్యదర్శి కొంగ ధ్యానయ్య. ఆయన ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకున్నాడంటే ఫైలు గురించి ఆలోచిస్తున్నాడో, చేప గురించి ఆలోచిస్తున్నాడో కట్టుకున్నదానికి కూడా తెలియదు.

కాంక్రీటు పోసిన ప్రతిసారీ అందులోంచే కాస్త తీసి జానెడు దిమ్మ పోయాలి. అది గట్టిపడ్డాక దాని మీద బరువు పెట్టి చూడాలి. దిమ్మ నిలిస్తే పని నిలిచినట్టు. ఇది శాస్త్రం. మన మండలివాళ్ళు శాస్త్రాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్ళారు. ఎక్కడో దొరికిన గట్టి దిమ్మనొకదాన్ని పెట్టెలో దాచుకున్నారు. అడవిలో ఎవరు ఏం కట్టినా పరీక్షకి వెళ్ళేది ఆ దిమ్మే. పరీక్షాధికారి ఏనుగు దొరకి చూపు సరిగ్గా ఆనదు. ఆయన దాని మీద కాలు పెట్టేవాడు, అది పగిలేది కాదు, కాగితం మీద తొండంతో ముద్ర వేసేవాడు. అయిదేళ్ళలో దిమ్మ నలభై పరీక్షలు పాసైంది. కట్టినవాటిలో సగం కూలిపోయాయనుకోండి, అది వేరే సంగతి.

కూలినవాటిలో వాగు మీద వంతెన ఒకటి. నిరుడు వానాకాలంలో అడవిపందుల మంద దాటుతుండగా అది నడిమికి విరిగింది. మందలోని పందిపిల్ల నాంచారి తమ్ముడు కొట్టుకుపోయి, రెండు మలుపుల కింద ముళ్ళపొదకి చిక్కుకుని ఎలాగో బతికాడు. దుంపలన్నీ వాగు అవతల. వాగు పొంగితే మందకి పస్తులే. ఆ ఏడు నాంచారి వాళ్ళ ముసలి నాన్నమ్మ ఆకలికే పోయింది.

అప్పటినుంచి ఆ పందిపిల్లకి ఒకటే పట్టు. కాంక్రీటు చదవాలి. వాగు మీద విరగని వంతెన కట్టాలి.

ఒకరోజు చెట్టుకి నోటీసు వేలాడింది. కాంక్రీటు రంగంలో స్థిరపడదలచిన విద్యార్థికి స్కాలర్‌షిప్పు. నది అవతల కాలేజీలో రెండేళ్ళ చదువు, తిండి, ఒక పసుపు హెల్మెట్టు.

"అమ్మా, చూశావా!" అని నాంచారి ఎగిరి గంతేసింది.

తల్లి మాచమ్మ ఒకప్పుడు భల్లూకరావు దగ్గర స్లాబులకి నీళ్ళు పెట్టిన మనిషి. మనిషంటే పందేలెండి. ఆమె నిదానంగా అంది: "వెళ్ళవే తల్లీ. వాళ్ళ పెట్టెలో ఉందే దిమ్మ, అది నేను పోసిందే. గంపలో మిగిలిన కాంక్రీటు మాలు పారేయడం ఇష్టంలేక చెక్క అచ్చులో కూరి, నెల రోజులు మన బురదగుంటలో నానబెట్టా. అడుగున నా డెక్క గుర్తు కూడా ఉంటుంది. ఎక్కడో పోయిందనుకున్నా. వీళ్ళు ఎత్తుకెళ్ళారని తర్వాత తెలిసింది."

"మరి అడగలేదా?"

"అడిగితే దిమ్మకి తల్లేమిటే అని నవ్వారు."

ఇంటర్వ్యూ రోజు నాంచారి ఒళ్ళు కడుక్కుని మరీ వెళ్ళింది. పందికి అది ఎంత త్యాగమో ఆలోచించండి.

"అనుభవం ఏమైనా ఉందా?" అన్నాడు కొంగ, కళ్ళు తెరవకుండా.

"మూడు స్లాబులకి నీళ్ళు పెట్టానండి."

"నీళ్ళు పెట్టడం కూలిపనమ్మా. మేం అడిగేది కెరీర్ గురించి."

"సరే, చెప్పు," అన్నాడు భల్లూకరావు, ఆవలిస్తూ. "స్లాబు పోశాక సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి?"

సెంట్రింగ్ అంటే స్లాబు గట్టిపడేదాకా కింద మోసే కర్రలూ చెక్కలూ. నాంచారి గడగడా చెప్పింది. "తొందరపడకూడదండి. పైన మళ్ళు కట్టి రెండు వారాలు నీళ్ళు నిలపాలి. పూర్తి బలం రావడానికి ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది. మా అమ్మ పోసిన దిమ్మ మీ దగ్గరే ఉంది కదండీ, అది అలాగే..."

కొంగ ఠక్కున కళ్ళు తెరిచాడు. "ఏ దిమ్మ? మా దగ్గర దిమ్మేమీ లేదు. తర్వాత ఎవరు?"

తర్వాత భల్లూకరావు మేనల్లుడు గుండుబాబు. అప్పుడే తిన్న తేనె మూతికి ఇంకా అంటుకునే ఉంది. అదే ప్రశ్న వేశారు.

"చీఫ్ గెస్టు వచ్చే ముందురోజు విప్పాలి మావయ్యా," అన్నాడు.

"ఆహా! పుస్తకంలో లేని జవాబు!" అన్నాడు కొంగ. వందకి వంద పడ్డాయి. నాంచారికి సున్నా పెట్టారు. పక్కన 'వినయం లేదు' అని రాశారు.

నాంచారి ఏడుస్తూ ఇంటికి రాలేదు, కోపంతో వచ్చింది. ఏడుపు ఇంటికొచ్చాక వచ్చింది.

ఇక బహుమతి సభ. కాంక్రీటు స్కాలర్‌షిప్పు మట్టి అరుగు మీద ఇస్తే ఏం బావుంటుంది? నాలుగు స్తంభాలు లేపి, మీద స్లాబు పోసి, నిలువెత్తు వేదిక కట్టారు. పోసింది సభకి సరిగ్గా ఆరు రోజుల ముందు. నాంచారికి మనసాగలేదు. మర్నాడే వెళ్ళి స్లాబు మీద బురదతో బుల్లి బుల్లి గట్లు పెట్టి, వాగునుంచి కుండతో నీళ్ళు మోసి మళ్ళు నింపింది.

కొంగ చూసి గుండెలు బాదుకున్నాడు. "ఓసి నీ బురద తగలెయ్య! చీఫ్ గెస్టు కాళ్ళకి అంటుకోదూ? తుడిపించండర్రా!"

"నీళ్ళు లేకపోతే స్లాబు ఆగదు అయ్యగారూ. దిగబడుతుంది."

"స్కాలర్‌షిప్పు రాలేదని కడుపుమంట," అన్నాడు భల్లూకరావు. అందరూ అవునన్నట్టు తలలూపారు. అయిదో రోజు సెంట్రింగ్ విప్పేశారు. పెట్టెలోంచి దిమ్మని తీసి పరీక్షకి పంపారు. నలభై ఒకటోసారి పాసైంది.

సభనాడు చీఫ్ గెస్టు ఎవరనుకున్నారు? ఏనుగు దొరే. తాను ముద్ర వేసిన వేదిక కదా, ధీమాగా మెట్లెక్కాడు. కింద నిలబడ్డ నాంచారి చెవికి పటపటమన్న శబ్దం వినిపించింది.

"దొరా, దిగిపోండి! స్లాబు పగుళ్ళిస్తోంది!" అని అరిచింది. అదీ సన్మానంలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఏనుగుకి చూపే తక్కువ, చెవుడు లేదు కాబట్టి సరిపోయింది. ఆయన ఠక్కున వెనక్కి తిరిగి మెట్లు దిగేశాడు. ఆయన ఊపుకి స్లాబు నడిమికి పెళ్ళుమంది. దండతో పైన ఎదురుచూస్తున్న భల్లూకరావు నడుందాకా అందులోకి దిగబడ్డాడు. పైన దండ, కింద కాళ్ళు గాలిలో. గుండుబాబు పసుపు హెల్మెట్టు అక్కడే పారేసి పారిపోయాడు. ఆ తర్వాత ఎవరైనా కాంక్రీటు పేరెత్తితే వాడు చెట్టెక్కేవాడు.

"చూశారా!" అన్నాడు కొంగ, మైకు వదలకుండా. "మన కాంక్రీటు ఎంత గట్టిదంటే అధ్యక్షులవారు లాగినా రావడం లేదు!"

విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు కొంగే. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసం అన్నట్టుంది నివేదిక. దిమ్మ పాసైంది కాబట్టి స్లాబు మంచిదే. స్లాబు మంచిదే కాబట్టి అది కూలలేదు. కూలినట్టు కనబడడానికి కారణం చప్పట్లు.

చిక్కల్లా స్కాలర్‌షిప్పు దగ్గర వచ్చింది. ఏనుగు దొర పట్టుబట్టాడు. "ప్రకటించిన చదువు ఎవరికో ఒకరికి ఇచ్చి తీరాలి. మేనల్లుళ్ళకి కాదు. కాంక్రీటులో పరీక్ష పాసైనవాళ్ళకి. అరిచి నా ప్రాణం కాపాడిన ఆ పందిపిల్లకివ్వండి."

కొంగ రెండు కాళ్ళమీద నిలబడ్డాడు. అంత భయమేసింది. పందిపిల్లకి పట్టా వస్తే, అది దిమ్మ కథ చెప్పినా అందరూ నమ్ముతారు. "దొరా, ఆ అమ్మాయి ఇంటర్వ్యూలో ఫెయిలు. రూలు ఒప్పుకోదు. నలభై ఒక్క పరీక్షలు వరసగా పాసైన విద్యార్థి ఒకరున్నారు. మీరు స్వయంగా ముద్ర వేశారు."

"ఎవరది?"

పెట్టె తెరిచారు. లోపల దిమ్మ.

 సభలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మిగతావాళ్ళు అందుకున్నారు. దిమ్మకి దండ వేశారు. పసుపు హెల్మెట్టు పెట్టారు. ఫొటో తీశారు. సన్మానపత్రంలో 'మితభాషి, స్థిరచిత్తులు' అని రాశారు. అబద్ధం కాదు కదా!

"మరి కాలేజీకి ఎలా వెళ్తుంది?" అన్నాడు ఏనుగు.

కొంగ చుట్టూ చూశాడు. బరువు మోసే మొహం ఒకటే కనిపించింది. "నాంచారీ, దీన్ని రోజూ క్లాసుకి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టి తీసుకురా. జాగ్రత్త. దాని తిండి నువ్వే తిను, అది తినదు."

మాచమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఛీ! నా బిడ్డ రాయికి కూలీనా? వెళ్ళకే!"

నాంచారి దిమ్మని తిప్పి చూసింది. అడుగున అమ్మ డెక్క గుర్తు. "అమ్మా, నీ పనికే స్కాలర్‌షిప్పు వచ్చింది. నేను దాని పక్కన కూర్చుంటా, అంతే," అంది.  నామోషీగానే అనిపించింది మరి, ఎవరికనిపించదు?

రెండేళ్ళు దిమ్మ మొదటి బెంచీలో కూర్చుంది. నాంచారి దాని వెనక నిలబడి పాఠం వింది. దిమ్మ తరఫున నోట్సు రాసింది, పరీక్ష రాసింది. పట్టా దిమ్మ పేరు మీదే వచ్చింది.

తిరిగొచ్చిన ఏడాది దిమ్మ పట్టా చూపించి నాంచారి వాగు మీద వంతెన మళ్ళీ లేపింది. దాని మీద ఇరవై ఎనిమిది రోజులు ఎవర్నీ కాలు పెట్టనివ్వలేదు. తల్లీకూతుళ్ళిద్దరూ మళ్ళు కట్టి నీళ్ళు పట్టారు. వానాకాలం వచ్చింది. వాగు పొంగింది. మంద మొత్తం ఆ వంతెన మీద అవతలికి వెళ్ళి కడుపునిండా దుంపలు తిని వచ్చింది. ముందు నడిచింది తమ్ముడే.

ప్రారంభోత్సవానికి కొంగ వచ్చి శిలాఫలకం పెట్టించాడు. 'రూపశిల్పి: కాంక్రీటు పట్టభద్రులు శ్రీ దిమ్మగారు.' మాచమ్మ దాన్ని చదివించుకుని విని, కడుపుబ్బ నవ్వింది.

"దిమ్మకి తల్లేమిటే అన్నారుగా," అంది. "పట్టభద్రుడి తల్లినర్రా నేను, కాస్త దారివ్వండి!"

నీతి: నోరెత్తకుండా పెట్టినచోట కూర్చునేవాళ్ళకే స్కాలర్‌షిప్పు. చదువంటారా, అది వాళ్ళని మోసినవాళ్ళకొస్తుంది.