రెండు 'కాదు'లు, ఒక బంతిపూల దండ

రెండు 'కాదు'లు కలిస్తే ఒక 'అవును' అవుతుంది. ఇంగ్లీషువాడు మనకిచ్చిన వరాల్లో రైలు తర్వాత ఇదే గొప్పది! రఘునాథపల్లిలో ఇంగ్లీషు చెప్పుకుని బతికేవాణ్ని, నమ్మండి. సకల జనుల సమ్మెలో బడి బంద్ కాబట్టి పాఠం మీకు చెబుతున్నాను.

వాడకంలో మాత్రం జాగ్రత్త! 'ఐ డోంట్ నో నథింగ్' అన్న పిల్లవాడికి సున్నా వేస్తాను. 'ఐయామ్ నాట్ అన్‌విల్లింగ్' అన్నవాడు ఎమ్మెల్యే అవుతాడు.

మన నాయకులను చూడండి. 'తెలంగాణకు మేం వ్యతిరేకం కాదు' అంటారు. 'రాజీనామా చేయనని నేననలేదు' అంటారు. ఇంత శుద్ధమైన గ్రామర్ మాట్లాడే పెద్దలను పట్టుకుని 'ఇస్తవా, ఇయ్యవా' అని నిలదీయడం ఎంత మోటుతనం!

మొన్న పొద్దున మా ఎమ్మెల్యేగారు రిలే నిరాహార దీక్ష శిబిరానికి వచ్చారు. తెలంగాణ కోసం రాజీనామా చేయమని జనం అడగగానే, "చేయనని నేననలేదు" అన్నారు. నేను మురిసిపోయి చప్పట్లు కొట్టాను. శిబిరం చూసుకునే సమ్మక్క కొట్టలేదు. ఆమె బిడ్డ లత బీఈడీ చేసి ఖాళీగా కూర్చుంది. మన రాష్ట్రం వస్తేనే బిడ్డకు కొలువని సమ్మక్క నమ్మకం.

ఆమె బంతిపూల దండ తెచ్చింది. సన్మానం అనుకుని ఆయన ఠక్కున మెడ వంచారు. పాపం, శిబిరం పద్ధతి తెలియదు! అక్కడ పొద్దున దండ పడ్డవాళ్లే ఆ రోజు దీక్షలో ఉన్నట్టు. సాయంత్రం నిమ్మరసం ఇచ్చేదాకా మెతుకు ముట్టరాదు.

"జనగామల దావత్‌కు పిలిచిన్రమ్మా," అని నసిగారాయన.

"దండ ఏసుకున్నంక లేస్తరా సారూ? జర కూసో," అంది సమ్మక్క.

ఎదురుగా టీవీ కెమెరా. కూర్చోక చస్తారా!

మధ్యాహ్నానికి ముఖం వాడింది. పొద్దుగూకేసరికి ఆయన కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి. సమ్మక్క నిమ్మరసం గ్లాసు పట్టుకుని ముందుకొచ్చింది.

"రాజీనామా చేస్తవా, చెయ్యవా? గదొక్కటి చెప్పి తాగు సారూ."

"చేస్తా!"

'నాట్' లేదు, 'అన్' లేదు! నాయకుడి నోట అంత పొట్టి వాక్యం నేనెన్నడూ వినలేదు. శిబిరమంతా ఈలలు. గ్రామర్ మంటగలిసిందని నేనొక్కణ్నే దిగులుపడ్డాను.

ఆయన ఒక్క పూట పస్తుంటే 'చేస్తా' అనేశారు. లతలాంటి పిల్లలు ఏళ్ల తరబడి ఎండిపోతుంటే, ఢిల్లీ మాత్రం ఇంకా 'ఇవ్వబోమని మేం అనలేదు' అంటోంది. ఒళ్లు మండదా, చెప్పండి!