కంచె అవతలి పచ్చిక

శనివారం పొద్దున క్లారీ తలపెట్టింది చిన్న పనే. పెరట్లో పరచగా మిగిలిన ప్లాస్టిక్ పచ్చికను ముందు కంచెకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఊరి కౌన్సిల్ జాగాలో పరిచేస్తే, వాచిన మోకాలితో ఇక గడ్డి కోసే మిషన్ తోయనక్కర్లేదు.

"కంచె లోపల నీ ఇష్టం. అవతల ప్లాస్టిక్ వెయ్యకూడదని రూలుంది," అంది భార్య మెర్ల్. "గడ్డి కోసేది మనమే అయినా జాగా కౌన్సిల్‌ది."

ఎవరు చూడొచ్చారన్నాడు క్లారీ.

ఊరంతా చూసింది. వానలు ముఖం చాటేసి, గొట్టాలతో నీళ్లు పట్టకూడదని ఆంక్షలు పెట్టి, వీధులన్నీ మాడిన రొట్టెలా ఉన్న రోజులవి. ఆ ఎర్రమట్టి మధ్య ఆ పచ్చదనం కంటబడగానే కార్లు నెమ్మదించేవి. చర్చి నుంచి వచ్చే ఆడవాళ్లు మాట మధ్యలో ఆగిపోయేవారు. ఒక ముసలాయన టోపీ తీసి నిలబడ్డాడు. దాని మీద కాలు పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఒక కంగారూ మాత్రం వచ్చి, వంగి, ఒక్కసారి కొరికి, చాలాసేపు ఆలోచించి వెళ్లిపోయింది.

అబ్బురం తీరాక అనుమానం పుట్టింది. కార్చిచ్చు వస్తే ఊరికి దిక్కు అగ్నిమాపక దళం ట్యాంకు నీళ్లే. దాని తాళంచెవి ఏళ్లుగా దళంలో పాతవాడైన క్లారీ దగ్గరుంది. ఆ నీళ్లే గడ్డికి పోస్తున్నాడన్న మాట బేకరీలో మొదలై క్లబ్బు దాకా పాకింది. దళంవాళ్లు తాళంచెవి ఇచ్చెయ్యమని కబురు పెట్టారు. నిజం చెబితే కౌన్సిల్ జరిమానా, చెప్పకపోతే నీళ్లదొంగన్న పేరు. క్లారీకి రెండు రోజులు అన్నం సయించలేదు.

మూడో రోజు కౌన్సిల్ నుంచి టీగన్ అనే అమ్మాయి విచారణకు వచ్చింది. వంగి పచ్చికను తాకి, తడిసిన అరచేతిని చూపించింది.

తాళంచెవి పోవడం కంటే జరిమానాయే నయమనిపించింది క్లారీకి. అంచు పట్టి పైకి లేపాడు. "ప్లాస్టిక్కమ్మా ఇది. రూలు తప్పాను. నీళ్లు మాత్రం ముట్టుకోలేదు."

"ప్లాస్టిక్కుకి నీళ్లెవరు పోస్తారండీ?" అంది టీగన్.

అది క్లారీకీ తెలియదు. అంతలో ఎదురింటి డెస్ ఖాళీ బకెట్ పట్టుకుని తల వంచుకుని రోడ్డు దాటాడు.

"నేనేరా. రోజూ మీరు లేవకముందు. నా స్నానం నీళ్లే. మా వైపు ఒక్క పరకా మిగల్లేదు, ఇదైనా బతకనీ అని."

"ఒక్కసారి తాకి చూడలేకపోయావట్రా?" అన్నాడు క్లారీ.

"భయమేసింది. నా చెయ్యి తగిలితే ఎక్కడ వాడిపోతుందోనని."

ఎవరూ నవ్వలేదు. స్నానం నీళ్లకు ఆంక్ష లేదనీ, ప్లాస్టిక్ అప్పటికప్పుడు తీసేస్తే జరిమానా ఉండదనీ టీగన్ చెప్పింది. ముగ్గురూ కలిసి దాన్ని చాపలా చుట్టారు. కింద ఆ చివర నుంచి ఈ చివర దాకా, డెస్ పోసిన నీళ్లు చిల్లుల్లోంచి దిగినచోటల్లా, పాలిపోయిన గరిక మొలకలు తల ఎత్తి ఉన్నాయి. అసలు గడ్డి. ఇంట్లోంచి వచ్చిన మెర్ల్ దగ్గరగా చూడ్డానికి మోకాళ్ల మీద కూర్చుంది. డెస్ ఈసారి ధైర్యం చేసి ఒక వేలితో తాకాడు.

తాళంచెవి క్లారీ దగ్గరే ఉండిపోయింది. డెస్ రోజూ బకెట్ తేవడం మానలేదు. నెల తిరిగేసరికి ఊరు మొత్తంలో గడ్డి కోయాల్సిన వాకిలి ఒకే ఒక్కటి.