నా పొట్ట నాది కాదు

"నా పొట్ట నాది కాదు. నా పూర్వీకులది! వారసత్వ సంపద కాపాడటమేనా నేను చేసిన నేరం?"

అమలాపురం గడియార స్తంభం దగ్గర ఎమ్మెల్యే శివనాగరాజు గారు ఇలా ప్రకటించగానే చప్పట్లు మోగేయి. మరి ఆయన మామూలు లీడరా? నిఖార్సైన మాస్ లీడర్. ఆ మాసంతా నడుం దగ్గరే పోగయ్యింది, అది వేరే విషయం.

"అంతా జీన్సేనంట!" అన్నాడు జనంలో ఒకాయన.

"అబ్బే, కట్టింది ఖద్దరు పంచేగా!" అన్నాడు పక్కాయన.

చిక్కల్లా పార్టీ పెద్దలతో వచ్చింది. ఈసారి పొట్ట ఉన్నవాళ్లకి టికెట్ లేదనేసేరు. పాపం తనది కాదని తేల్చుకోకపోతే శివనాగరాజు గారి సీటు గల్లంతే. అందుకే రాజోలు నుంచి జన్యువుల డాక్టరు ప్రసన్నకుమారి గారిని పిలిపించేరు.

"కొందరి జన్యువుల్లో చిన్న చిన్న తేడాలుంటాయండి. వాటివల్ల ఆకలెక్కువ, కొవ్వు పట్టడం ఎక్కువ. అయితే తిండీ, నడకా కూడా..."

"'అయితే' ముందే ఆపెయ్యండమ్మా. అక్కడిదాకా అద్భుతంగా ఉంది!"

తీరా రక్తం తీసే వేళకి మర్యాద అడ్డొచ్చింది. పెద్దాయనకి సూది గుచ్చుతుంటే పక్కనున్నవాడు ఊరికే చూస్తాడా? పీఏ వీరవెంకటరమణ చొక్కా చెయ్యి మడిచేసేడు.

"ముందు నాకండీ."

"నువ్వుండవయ్యా, ముందు నాకు."

"అయ్యో, మీకు నొప్పెడుతుందండీ!"

గొడవెందుకని డాక్టరమ్మ ఇద్దరి రక్తమూ తీసేరు.

రమణ కొబ్బరి ఈనెలా ఉంటాడు. రోజూ ఎమ్మెల్యే గారి వెంట ఊరూరా తిరుగుతాడు. ఏ గుమ్మం ఎక్కినా ఇద్దరికీ పళ్లేలొస్తాయి. పూతరేకులు, బొబ్బట్లు, గారెలు. వద్దంటే ఆ ఇంటి ఓట్లు పోతాయి.

"నీకు నిండిందా?" అని శివనాగరాజు గారు ఆప్యాయంగా అడుగుతారు.

"ఆయ్, నిండిందండీ," అంటాడు రమణ, ఇంకా మొదలెట్టకుండానే.

ఆ పళ్లెం కూడా ఆయనే ఖాళీ చేస్తారు. ప్రజాసేవ!

వారం తిరిగేసరికి పార్టీ పరిశీలకుడి ఎదుట సభ పెట్టేరు. డాక్టరమ్మ గొంతు సవరించుకున్నారు.

"సార్, మీ రక్తంలో లావు చేసే తేడా ఒక్కటీ కనపడలేదండి. అవన్నీ రమణగారిలో ఉన్నాయి."

"వీడిలోనా? ఈ ఈనెపుల్లలోనా!"

"జన్యువులుంటే చాలదండీ. తిండి కూడా అందాలి కదా!"

శివనాగరాజు గారు తడబడలేదు. మైకందుకున్నారు.

"విన్నారా! నేను పుట్టుకతో సన్నవాణ్ణి! ఈ కనపడేదంతా ప్రజాభిమానం!"

పరిశీలకుడు ఇద్దరినీ ఎగాదిగా చూసేడు. "పార్టీ చూసేది నడుమండి, రక్తం కాదు," అని టికెట్ రమణకి ప్రకటించేసేడు.

సన్నటి మనిషికి భారీ మెజారిటీ వచ్చింది. కారెక్కే అలవాటు వదల్లేక, శివనాగరాజు గారు సలహాదారు హోదాలో బ్యాగు పట్టుకుని వెంటే ఉండిపోయేరు.

మొన్న ముమ్మిడివరంలో భూలక్ష్మి గారింట్లో ఇద్దరికీ పళ్లేలొచ్చేయి. ఎమ్మెల్యే రమణగారు తన పళ్లెం తుడిచేసి, బెల్టు ఇంకో బెజ్జం వదులు చేసుకుని, పక్క పళ్లెం వంక చూసేరు.

"మీకు నిండిందాండీ?"

శివనాగరాజు గారు నోటిదాకా ఎత్తిన పూతరేకు మెల్లగా దించేసేరు.

"ఆయ్, నిండిందండీ."