పనికిరాని తీగ

ఆ ఆదివారం కిషన్ రావు పెట్టుకున్న పని ఒకటే. తన వాకిట్లో జరిగే మీటింగులో గల్లీ సంఘానికి అధ్యక్షుడు కావాలి. చిక్కడపల్లిలో సొంతిల్లు ఉన్నవాడికి ఇంక మిగిలే కోరిక అదే. పేరు ప్రతిపాదించడానికి కింది పోర్షన్‌లో కిరాయికుండే కాశీవిశ్వనాథం ఒప్పుకున్నాడు. కిషన్ రావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అద్దం ముందు ఉపన్యాసం మొదలుపెట్టాడో లేదో, కింద నుంచి కేక వినబడింది.

కాశీవిశ్వనాథం నడుముకు తువ్వాలు, తలనిండా సబ్బు నురగతో వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"కిషన్ రావుగారూ, మీ కుళాయి తంతోందండీ! ముట్టుకుంటే భుజం దాకా జివ్వుమంది!"

"నల్లా నాదే, షాక్ నాది కాదు. గీజర్ మీరు తెచ్చుకున్నదే గద?"

"గీజర్ నాదేనండీ. గోడ ఎవరిది? గోడలో వైరు ఎవరిది? ఆ బోర్డుకి మా నాన్నగారి వయసుంటుంది!"

రాష్ట్రం సంగతి ఇంకా తేలని రోజులవి. ఓనరూ కిరాయిదారూ ఆ మాట ఎత్తకుండా ఎంతో జాగ్రత్తగా మసలుకునేవారు. పోట్లాడుకోవడానికి వేరే ఏదైనా దొరికితే మాత్రం వదిలేవారు కాదు.

చేతిలో ఉన్న ఒక్క ఓటుతో గొడవ మంచిది కాదని గుర్తొచ్చి, కిషన్ రావు తప్పును కరెంటోళ్ల మీదికి తోశాడు. నారాయణగూడ చౌరస్తాలో చాయ్ తాగుతున్న లైన్‌మన్ పీరయ్యను స్కూటర్ మీద పట్టుకొచ్చాడు. పీరయ్య దూరం నుంచే చూశాడు.

"మీటర్ దాకా మాది సార్. ఆడ్నుంచి మీది. మీటర్ మంచిగనే తిరుగుతుంది."

"షాక్ కొడుతుంది గదనే!"

"కొట్టేది మీటర్ అవతల గద సార్!"

ఈలోపు గల్లీ జనం వచ్చేశారు. అందరికంటే పెద్దవాడు జగన్నాథరావు వాకిట్లో నల్లా దగ్గర చేతులు కడుక్కోబోయి, ఆ వయసులో ఎవరూ గెంతనంత ఎత్తు గెంతాడు. నర్సింహమ్మ నల్లాను ముట్టుకోకుండానే కెవ్వుమంది. పీరయ్య పోయి మెయిన్ ఆపాడు. సగం మంది తప్పు ఓనర్‌దన్నారు, సగం మంది కిరాయిదారుదన్నారు, మీటింగుకు పెట్టిన ఫ్యాన్ ఆగిందని మిగతావాళ్లు ఇద్దరినీ తిట్టారు.

"షాక్‌ను భూమిలకు దింపే ఎర్త్ తీగ ఏది సార్?" అన్నాడు పీరయ్య.

బోర్డు కింద జానెడు తీగ ముక్క వేలాడుతోంది. నేలలో తుప్పు పట్టిన పైపు తల కనిపిస్తోంది. ఆ రెంటినీ కలపాల్సిన తీగ లేదు. ఆ చోట కిషన్ రావు స్కూటర్ ఉంది.

కిషన్ రావుకు దారి దొరికింది. కుర్చీ ఎక్కాడు.

"చూసిండ్రా! ఎవడో తీగ కోసుకపోయిండు! నేను అధ్యక్షుడినైతే గిసొంటోన్ని వదల. కోసినోడే కొత్త ఎర్తింగ్ ఏయించాలె, దాన్ని వాడే చూసుకోవాలె, అందరి ముందట మాఫీ అడగాలె!"

చప్పట్లు మోగాయి. జగన్నాథరావు ఇంకా చెయ్యి రుద్దుకుంటూనే, "తీర్మానం పాసైంది!" అన్నాడు.

కుర్చీలకు అడ్డంగా ఉన్న బట్టలు తీస్తున్న సులోచన అప్పుడు భర్త కిషన్ రావు వైపు తిరిగింది.

"ఎవడో అంటరేందండి? నిరుడు స్కూటర్‌కు అడ్డమొస్తుందని మీరే కోసిండ్రు గద! టెస్టర్ పెట్టి చూసి, 'దీంట్ల కరెంటే లేదు, పనికిరాని తీగ' అన్నరు. ఇగో, బట్టలు ఆరేసుకోను మీరు కట్టిచ్చిన తీగ గదే!"

అందరూ తలలెత్తారు. వాకిలికి ఈ చివర నుంచి ఆ చివర దాకా తీగ తళతళలాడుతోంది. దాని మధ్యలో కిషన్ రావు చారల లుంగీ ఆరుతోంది.

మాఫీ అడగడం కుర్చీ మీదే అయిపోయింది. కిషన్ రావు దిగాక ఆ కుర్చీలో కాశీవిశ్వనాథాన్ని కూర్చోబెట్టారు. షాక్ తిన్నవాడికే బాధ్యత తెలుస్తుందని ప్రతిపాదించింది జగన్నాథరావు. తలకు ఎండిన సబ్బుతోనే ఆయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు.

బొగ్గు, ఉప్పు పోసి కొత్త ఎర్తింగ్ గుంత వేయించారు. అది ఎండిపోకుండా రోజూ పొద్దున్నే కిషన్ రావు బకెట్‌తో నీళ్లు పోస్తున్నాడు. ఏం మొక్క పెట్టావన్నా అని అశోక్‌నగర్ వైపు పోయేవాళ్లు అడిగితే, బకెట్ బోర్లించి లోపలికి పోతాడు.

బట్టలకు ప్లాస్టిక్ తాడు కట్టాడు. దాన్ని కూడా టెస్టర్‌తో చూశాకే కట్టాడు.